చదవకుండా ఇచ్చిన పుస్తకం

పోయిన నెలలో ఒక అమ్మాయి పుత్తూరులో మా ఇంటికి వచ్చింది. కొత్తగా గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చిందట. పిల్లల విభాగం ఆమెకే అప్పగించారట. కాఫీ తాగి, సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, "మేడం, పిల్లోళ్ళకి చరిత్ర పుస్తకాలు ఏమేమి ఇయ్యాలో ఒక లిస్టు చెప్పండి, రాసుకుంటా" అంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ పని చేసినదాన్ని కదా, గడగడా చెప్పేస్తానని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. పది పేర్లు చెప్పి ఆగిపోయాను. ప్రతి పేరు దగ్గరా ఎవరో ఒక పిల్ల గుర్తుకొచ్చింది. ఎవరికి ఇచ్చాను, ఎందుకు ఇచ్చాను, ఇచ్చి ఏం పొరపాటు చేశాను అన్నది చెప్పకుండా ఒట్టి పేర్లు రాసిస్తే ఆమెకు ఏం పనికొస్తాయి? "నేను రాసి పంపిస్తాలే" అని చెప్పి పంపించాను. ఇది ఆమె కోసం రాస్తున్నది. ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చే మిగతావాళ్ళు చదివినా సంతోషమే.

నేను ఏయే ఊళ్ళు తిరిగాను, ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది అన్నవి రాయను. అవన్నీ ఆఫీసు ఫైళ్ళలో ఉన్నాయి. బంగారుపాళ్యంలో పని చేసినప్పుడు జరిగిన ఒక సంగతి రాస్తాను. ఒక పుస్తకం, ఇద్దరు ఆడపిల్లలు. ఇందులో తప్పు చాలావరకు నాదే.

అల్మారా నిండా రాజులు

బంగారుపాళ్యం శాఖా గ్రంథాలయం అప్పట్లో రెండు గదులు. ముందు గదిలో పేపర్లు చదివే పెద్దవాళ్ళు, పోటీ పరీక్షలకు తయారయ్యే కుర్రవాళ్ళు. వెనక గది పిల్లలది. కిటికీ తెరిస్తే హైవే మీద లారీల మోత. మామిడి సీజను వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల నుంచి పులిసిన తియ్యటి వాసన. ఈగలు పుస్తకాల మీద కూడా వాలేవి.

పిల్లల గదిలో చరిత్రకు ఒకే ఒక అల్మారా. అందులో నిండా రాజులు. గుర్రమెక్కిన రాజు, కత్తి దూసిన రాజు, పల్లకిలో రాజు. నడుమ రాణులు ఇద్దరో ముగ్గురో. పల్లకి మోసేవాళ్ళు బొమ్మల్లో కనిపించేవారు, కథల్లో ఉండేవారు కాదు. నాకు అది లోటు అని అప్పట్లో తోచలేదు. చరిత్ర అంటే రాజులే కదా అనుకునేదాన్ని. బడిలో నేను చదువుకున్నదీ అదే.

ఆ అల్మారాకు పెద్ద గిరాకీ లావణ్య. ఎనిమిదో తరగతి. వాళ్ళమ్మ సీజనులో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోయేది, సీజను లేనప్పుడు తోటల్లో కూలికి. లావణ్యకు కావలసింది యుద్ధం. పుస్తకం అట్ట చూసి, "యుద్ధం ఉండాదా మేడం ఇందులో?" అని అడిగేది. ఉందంటే తీసుకుపోయేది. రెండు రోజుల్లో చదివేసి తెచ్చేది. ఒకటయ్యాక ఒకటి ఇస్తూ పోయాను. ఇంత చదివే పిల్ల దొరకడం అదృష్టం అనుకున్నాను తప్ప, ఏం చదువుతోందో పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను పుస్తకాలు చదివి ఇచ్చేదాన్ని కాదు. కట్టలు కట్టలుగా వచ్చేవి. నంబరు వేసి, ముద్ర కొట్టి, అట్ట చూసి, మొదటి పేజీ, చివరి పేజీ తిప్పి, "ఇది పెద్దలకు, ఇది పిల్లలకు" అని విడగొట్టేదాన్ని. అందరూ చేసేది అదే. పిల్లలు అడిగినప్పుడు "ఇది చాలా బాగుంటుంది" అని నమ్మకంగా చెప్పేదాన్ని. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చేదో నాకే తెలియదు.

షాహీన్‌కి నేనిచ్చిన మొదటి పుస్తకం

షాహీన్ కూడా లావణ్య ఈడుదే, ఆ బడిదే. వాళ్ళ నాయన ఖాజా బస్టాండు పక్కన రేకుల షెడ్డులో మోటారు సైకిళ్ళకు సీటు కవర్లు కుట్టేవాడు. మొదటిరోజు ఆ పిల్ల తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చునో లేదో అన్నట్టు నిలబడింది. పేరు అడిగాను. చెప్పింది. నేను నేరుగా అల్మారా దగ్గరికి పోయి, ఒక నవాబు మహలు గురించిన బొమ్మల పుస్తకం తీసి చేతిలో పెట్టాను. "నీకు ఇది నచ్చుతుంది చూడు" అన్నాను.

మరుసటి రోజే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అప్పుడే చదివేసినావా?"

"లేదు మేడం. నా పేరు విని ఇది ఇచ్చినారు కదా?"

అడిగింది కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగింది.

"నీకు ఏం కావాల చెప్పు మరి" అన్నాను.

"బట్టలు కుట్టే మిషను ముందు యాడ కనిపెట్టినారు? అది రాకముందు ఇన్ని గుడ్డలు ఎట్ల కుట్టినారు? అదుండే పుస్తకం ఉండాదా?"

లేదు. ఆరోజుకి లేదు. చిత్తూరుకు రాసి తెప్పించడానికి ఇరవై రోజులు పట్టింది. యంత్రాల గురించి పాత పుస్తకం ఒకటి వచ్చింది, అందులో ఒక అధ్యాయం కుట్టు మిషను మీద. ఆ అధ్యాయాన్ని ఆ పిల్ల ఎన్నిసార్లు చదివిందో. మొదట్లో కుట్టు మిషన్లు పెట్టిన చోట దర్జీలు తమ పని పోతుందని వాటిని విరగ్గొట్టారట. ఆ పేజీ నాకు తెచ్చి చూపించి, "మా నాయన అయితే విరగ్గొట్టడు మేడం, ఇప్పి లోపల ఏముండాదో సూస్తాడు" అంది.

పిల్ల పేరు, కులం, మతం చూసి పుస్తకం ఇవ్వకూడదని ఆమె నాకు నేర్పింది. పాఠం నేర్చుకున్నాను కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అసలు పాఠం ఇంకా మొదలు కాలేదు.

ఆదివారం చెప్పిన కథ

మాకు సెలవు శుక్రవారం. ఆదివారం గ్రంథాలయం తెరిచే ఉంటుంది, పిల్లలకు బడి ఉండదు. అందుకని ఆదివారం పొద్దున వెనక గదిలో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టేదాన్ని. ఆ వారం చదివిన పుస్తకాన్ని ఒకరు లేచి చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంట అది.

ఒక ఆదివారం లావణ్య వంతు. ఒక కోట ముట్టడి కథ. ఆ పుస్తకం నేనే ఎంచి ఇచ్చాను. అట్ట మీద కోట, ఫిరంగి, పొగ. "దీంట్లో నీకు కావలసినంత యుద్ధం" అని చెప్పి ఇచ్చాను.

లావణ్య చెబుతుంటే చూడాలి. చేతులతో ఫిరంగి పేల్చేది, గొంతు మార్చేది. చిన్నపిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. కోట కింద పేటలోకి శత్రు సైన్యం వచ్చిన చోటుకు వచ్చింది. "తురకోళ్ళు పేటలోకి జొరబడినారు. అంగళ్ళన్నీ తగలబెట్టినారు. ఆ జాతికి జాలి అనేది తెలీదు" అంది. పుస్తకంలో ఉన్న వాక్యం అదే, అక్షరం పొల్లుపోకుండా.

ముందు వరసలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉంది. "అక్కా, తురకోళ్ళంటే ఎవురు?" అని అడిగింది.

లావణ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అర్థం తెలియని మాటకు అర్థం చెప్పినట్టు, చెయ్యి చూపించి, "అదో, షాహీన్ వాళ్ళు" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. షాహీన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. తల వంచుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

నేనేం చేశానో కూడా రాయాలి. "సరే సరే, టైమయిపోతా ఉండాది, తర్వాత సంగతి పోయిన వారం చెప్పుకుందాం" అన్నాను. కంగారులో వచ్చే వారం అనాల్సింది పోయిన వారం అన్నాను. పిల్లలు నవ్వారు, లేచారు, చాప చుట్టాను. ఏమీ జరగనట్టు దాటించేశాను అనుకున్నాను.

తర్వాతి ఆదివారం షాహీన్ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఒక శనివారం పొద్దున తలుపు తీయబోతే గడప మీద ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకం కనిపించింది. యంత్రాల పుస్తకం. ముందురోజు మాకు సెలవని తెలిసి, నేను ఉండనని చూసుకుని పెట్టిపోయింది.

ఆరోజు నేను ఆ కోట పుస్తకాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. లావణ్య చెప్పిన వాక్యం నలభయ్యో పేజీలో ఉంది. దానికి ఎలాంటి ఆధారమూ చూపలేదు. రాసినాయన తన కోపాన్ని కథలో కలిపేశాడు, అంతే. అలాంటి వాక్యాలు ఇంకో మూడు చోట్ల ఉన్నాయి. మిగతా కథ బాగుంది. ఈ పుస్తకాన్ని నా చేత్తో పదకొండు మంది పిల్లలకు ఇచ్చినట్టు వెనక అంటించిన చీటీలో ఉంది.

పెద్దసారు ఫోను

ఈలోపల ముందు గదిలో కూర్చునే కుర్రవాళ్ళలో ఒకడు ఆ పేజీ ఫోటో తీసి ఫోన్లలో తిప్పాడు. ఒకరు భలే అన్నారు, ఒకరు ఇదేం పుస్తకం అన్నారు. అది తిరిగి తిరిగి చిత్తూరులో మా పైఅధికారి ఫోనులోకి చేరింది. ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆరోజు మధ్యాహ్నమే ఫోను చేశారు.

"ఏమమ్మా, ఆ పుస్తకం నీ దగ్గరే ఉండాదా?"

"ఉండాది సార్."

"తీసి లోపల బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎవురన్నా అడిగితే లేదని చెప్పు."

"సార్, ఆ పాప రావడం మానేసింది..."

"అందుకే చెప్పేది. పుస్తకం కనపడకపోతే గొడవ ఉండదు. గొడవ లేకపోతే ఆ పాపే వస్తాది. నేను సూసినానమ్మా ఇట్లాంటివి."

ఆయన చూశారు, నిజమే. అంతకుముందు పని చేసిన ఊళ్ళో ఏదో మాట మీద మాట పెరిగి గ్రంథాలయం కిటికీ అద్దాలు పగిలాయని చెప్పేవారు. ఆయన మంచివాడు కాదని నేను చెప్పను. ఏ ఆదేశమైనా తనే బాధ్యత తీసుకుని ఇచ్చేవారు, కిందివాళ్ళ మీదికి నెట్టేవారు కాదు. కానీ ఆయన దృష్టిలో మంచి గ్రంథాలయం అంటే ఫిర్యాదు రాని గ్రంథాలయం. అందులో పిల్లలు ఏం చదువుతున్నారన్నది ఆయన ఎప్పుడూ అడగలేదు.

నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పుడు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. పైవాళ్ళు చెప్పారు, నేను చేశాను. ఇలాంటి ఊరట కలిగినప్పుడు కాస్త ఆగి ఆలోచించాలని ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెబుతాను. అది చాలాసార్లు మన తప్పును కప్పిపెట్టడానికే వస్తుంది.

సీటు కవర్ల అంగడిలో

ఆ శుక్రవారం ఖాజా అంగడికి పోయాను. మధ్యాహ్నం నమాజుకు పోతాడని పొద్దున్నే పోయాను. కుడుతున్న మిషను ఆపి, కొత్తగా కవరు తొడిగిన సీటు ఒకటి చూపించి, "కూర్చోండి మేడం, కొత్తది, మరక కాదు" అన్నాడు. బండి లేని సీటు మీద కూర్చున్నాను.

"పాప వస్తా లేదు" అన్నాను.

"రమ్మని నేనూ చెప్పినా మేడం. రానంటాది. ఇంట్లో కూడా ఏమైందో చెప్పలేదు. వేరే పిల్లోళ్ళు చెప్తే తెలిసింది."

"తప్పు నాది. ఆ పుస్తకం నేనే ఇచ్చినా."

ఆయన దారం కండె వేళ్ళ మధ్య తిప్పాడు. "మా తాతల తాతలు గుర్రాల జీన్లు కుట్టేవాళ్ళంట మేడం. యాడ దండు దిగితే ఆడికి పొయ్యి కుట్టేవాళ్ళంట. గుర్రాలు పొయినాయి, బండ్లు వచ్చినాయి, నేను ఇది కుడతా ఉండా. ఆ పేట తగలబెట్టినోడి జీను మావాళ్ళు కుట్టిందేమో, తగలబడిన అంగడి మావాళ్ళదేమో, ఎవురికి తెలుసు మేడం?"

ఎనిమిదో తరగతి కూడా దాటని మనిషి. ఆ పుస్తకం రాసినాయనకు రాని ఆలోచన ఈయనకు వచ్చింది. నాకు సిగ్గనిపించింది.

షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. గొంతు విని షాహీన్ బయటికి వచ్చింది. నా దగ్గరికి రాలేదు. మిషను పక్కన నిలబడింది.

"ఆ పుస్తకం ఇంగా ఉండాదా మేడం?"

ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. ఆమెకు మంచి కబురు చెబుతున్నాను అనుకుని, "లేదమ్మా. తీసేసి తాళం పెట్టేసినా. ఇంగ ఎవురికీ ఇయ్యను" అన్నాను.

పిల్ల ముఖం మారిపోయింది. "ఎందుకు తీసినారు?"

"నీకు కష్టం కలిగింది కదా."

"అందురూ నేనే చెప్పి దాపెట్టించినానని అనుకుంటారు మేడం. ఇంతకుముందు నవ్వినారు. ఇంగ తిడతారు." ఆ తర్వాత నెమ్మదిగా అంది: "ఆ పుస్తకంలో ఏముండాదో నేను ఇంగా సూడనే లేదు. అందురూ సదివినారు. నన్ను గురించి ఉండేది నేనొక్కదాన్నే సదవలేదు."

ఖాజా కూతుర్ని వారించబోయాడు. వద్దని నేనే చెయ్యి చూపించాను. తర్వాత పుస్తకాలు ఎన్ని ఎంచినా, ఎన్ని సమావేశాల్లో ఎందరు ఉపన్యాసాలిచ్చినా, పిల్లలకు చరిత్ర పుస్తకాలు ఎలా ఇవ్వాలన్నదాని గురించి నేను విన్న మాటల్లో దీనికి మించినది లేదు.

"ఆదివారం రా" అన్నాను. "బయట పెడతా. నువ్వే సదువు."

బయటికి తీసిన పుస్తకం

శనివారం తాళం తీశాను. పెద్దసారుకు నేనే ఫోను చేసి చెప్పాను, చెప్పకుండా చేసే ధైర్యం నాకు లేదు. ఆయన "రేపు నేను వస్తాను" అని పెట్టేశారు.

ఆదివారం నిజంగానే వచ్చారు. వెనక గదిలో కుర్చీ వేయమన్నారు, గోడకు ఆనుకుని కూర్చున్నారు. లావణ్య ముందు వరసలో ఉంది. షాహీన్ కాస్త ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

నేను మొదట చెప్పింది ఇది: "ఈ పుస్తకం నేను సదవకుండా మీకు ఇచ్చినాను. అది నేను చేసిన తప్పు. ఇప్పుడు సదివినాను. మీరూ సూడండి."

కోట పుస్తకాన్ని షాహీన్ చేతికిచ్చాను. నలభయ్యో పేజీ ఆమే పైకి చదివింది. చదివి, పుస్తకం మూయకుండా అడిగింది: "ఇది రాసినాయన ఆ పొద్దు ఆడ ఉన్నాడా మేడం?"

"లేడు. తర్వాత ఎన్నో వందల ఏండ్లకు పుట్టినాడు."

"మరి జాలి లేదని ఎట్ల తెలిసింది?"

"ఎవురో చెప్పింటారు" అన్నాడు ఒకడు.

"ఎవురు?"

నేను ఇంకో రెండు పుస్తకాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఒకటి పెద్దల అల్మారాలోది. అలాంటి ముట్టడుల్లో రెండు వైపులా అన్ని మతాల సైనికులూ ఉండేవారని, కోట పైన ఫిరంగి పేల్చేవాడు ముసల్మాను అయితే కింద నిచ్చెన వేసేవాడు హిందువు అయ్యేవాడని అందులో ఉంది. రెండోదాంట్లో పేటల్లో ఉండే మామూలు జనం సంగతి ఉంది. దండు వస్తోందని తెలిస్తే మగ్గాలు విప్పుకుని, గిన్నెలు మూటగట్టుకుని కొండల్లోకి పోయి, మళ్ళీ వచ్చి గోడలు కట్టుకునేవాళ్ళట. పిల్లలు ఎక్కువ ప్రశ్నలు దీని మీదే అడిగారు. కొండల్లో ఏం తినేవాళ్ళు, పసిపిల్లలు ఏడిస్తే ఎట్లా, కుక్కల్ని తీసుకుపోయేవాళ్ళా. గంట అనుకున్నది రెండు గంటలయింది.

పెద్దసారు చివరిదాకా కూర్చున్నారు. పోయేటప్పుడు వరండాలో ఆగి, "బయటే ఉండనీలే ఆ పుస్తకం. పక్కన ఈ రెండూ పెట్టు. ఏదన్నా అయితే ముందు నాకు నువ్వే ఫోను చెయ్యాల, ఇంకొకరు చెప్తే నేను వినేలాగా ఉండకూడదు" అన్నారు. ఆ తర్వాత నేను పంపిన పుస్తకాల జాబితాల్లో ఒక్క పేరు కూడా ఆయన కొట్టేయలేదు. రోడ్లు వేసిన కూలీల కథలు, ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని కాలం గురించి ఆ బాధ పడినవాళ్ళే చెప్పుకున్న కథలు, మొదట బడికి పోయిన ఆడపిల్లల కథలు, కరువుల కథలు, ఓడల కథలు. అన్నీ వచ్చాయి. అన్నీ చదివాకే అల్మారాలో పెట్టాను.

ఆ ఆదివారం ఇంటికి పోతూ నేను చాలా తేలిగ్గా ఉన్నాను. తప్పు చేశాను, దిద్దుకున్నాను అనుకున్నాను. ఇక్కడితో ఆపేస్తే నన్ను అందరూ మెచ్చుకుంటారు. ఎన్నోసార్లు కొత్తవాళ్ళ శిక్షణ తరగతుల్లో ఈ కథను ఇక్కడిదాకానే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. మిగతాది ఇప్పుడే రాస్తున్నాను.

లావణ్య

మూడు వారాల తర్వాత షాహీన్ పుస్తకం మార్చుకోవడానికి వచ్చి, బల్ల దగ్గర నిలబడిపోయింది.

"మేడం, లావణ్య మూడు ఆదివారాలుగా రాలేదు. మీరు సూసినారా?"

నేను చూడలేదు. అందరికంటే ఎక్కువ చదివే పిల్ల, ముందు వరసలో కూర్చునే పిల్ల మూడు వారాలు రాకపోతే నాకు తెలియలేదు.

"ఆ పొద్దు నేను ఆ పేజీ సదివేటప్పుడు అందురూ ఆమె పక్కే సూసినారు మేడం. మీరు పుస్తకం తట్టు సూస్తా ఉండారు. అట్ల సూస్తే ఎట్లుంటాదో నాకు తెలుసు."

ఆ శుక్రవారం సాయంత్రం మేమిద్దరం కలిసి లావణ్య ఇంటికి పోయాం. ఊరి చివర, మామిడి తోట అంచున. వాళ్ళమ్మ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి బయట చేతులు కడుక్కుంటోంది. మామిడి సొన పట్టి వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. ఎంత రుద్దినా పోవడం లేదు. "మీరొచ్చినారా మేడం, లోపలుండాది. బడికి పోతాది, వస్తాది, ఎవురితో మాట్లాడదు" అంది.

లావణ్య వచ్చి వాకిట్లో నిలబడింది. షాహీన్ వైపు చూడలేదు. నన్ను సూటిగా చూసింది.

"నేనేం నా మాటగా చెప్పలేదు మేడం. మీరిచ్చిన పుస్తకంలో ఉండేదే చెప్పినా."

"అవునమ్మా."

"మీరే బాగుంటాది సదువు అన్నారు. సదివితే మంచిదే కదా అనుకున్నా. ఇప్పుడు బడిలో అందురూ నన్ను చెడ్డదాన్ని చేసినారు. మీరు ఆ పొద్దు తప్పు నాది అన్నారు. అయినా అందురూ నన్నే సూసినారు."

ఆమె చెప్పింది నిజం. నేను అందరి ముందు నా తప్పు ఒప్పుకున్నాను, పెద్దసారు ముందు కూడా. కానీ ఎవరిచేత ఆ మాట పలికించానో ఆ పిల్లను ముందుగా పక్కకు పిలిచి మాట్లాడలేదు. ఆమె చదివింది నమ్మింది. పుస్తకాన్ని నమ్మమని పిల్లలకు నేర్పింది మేమే.

"నిన్ను ముందే పిలిచి మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. నన్ను మన్నించమ్మా" అన్నాను. వాళ్ళమ్మ కంగారు పడి, "అయ్యో, మేడం, పిల్లదాన్ని అట్ల అడుగుతారా" అంది. లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుంది.

అప్పుడు షాహీన్ మాట్లాడింది. "నువ్వు చేయి సూపించినప్పుడు నాకు చచ్చిపోదామనిపించింది" అంది. ఏడవకుండా, మామూలుగా అంది.

"నాకు తెలీదు" అంది లావణ్య. "తురకోళ్ళంటే మీరే కదా అనుకున్నా. తిట్టు అని తెలీదు. నిజంగా తెలీదు."

"తెలీదని నాకు ఇప్పుడు తెలిసింది."

వాళ్ళమ్మ తోటలో పండిన బేనీషా మామిడిపండ్లు రెండు కోసి పళ్ళెంలో తెచ్చింది. షాహీన్ ఒక ముక్క తీసుకుని గడప మీద కూర్చుంది. "ఆ కోట కత సగంలో ఆగిపొయింది. మేడం టైమయిపోయింది అనేసినారు. పుస్తకం సదివినా గానీ, నువ్వు చెప్పినట్ల లేదు. చివర కోట పడిపోయే కాడ నువ్వు ఎట్ల చెప్తావు?"

లావణ్య మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత వచ్చి గడప మీదే, కాస్త ఎడంగా కూర్చుంది. చిన్న గొంతుతో మొదలుపెట్టింది. రెండు మాటలు చెప్పేసరికి చేతులు లేచాయి. గోడ కూలే చోటుకు వచ్చేసరికి వాళ్ళమ్మ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అప్పుడు ఆ త..." అని ఆగింది. షాహీన్ వైపు చూసింది. "ఆ దండులోవాళ్ళు లోపలికి వచ్చినారు" అని మళ్ళీ అందుకుంది.

తర్వాతి ఆదివారం లావణ్య వచ్చింది. ముందు వరసలో కూర్చోలేదు, తలుపు పక్కన కూర్చుంది. నేను ముందుకు రమ్మని పిలవలేదు. వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులు అయ్యారని రాయలేను, కాలేదు. కానీ ఏ పుస్తకం చెప్పుకున్నా ఇద్దరూ వాదించుకునేవారు. ఒకతె "ఎవురు చెప్పినారు?" అని అడిగేది. ఇంకొకతె జవాబు కోసం పుస్తకాలు వెదికి తెచ్చేది. ఆ వాదన వినడానికే కొందరు పిల్లలు వచ్చేవారు.

లావణ్య ముందు వరసలోకి తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది.